పాట విని ఆర్గాన్ పట్టుకోవడం: శ్రుతి, డ్రాబార్లు, కేబుళ్లు

పియానో టోన్‌లో మెట్టు నొక్కితే స్వరం పుట్టిన క్షణం నుంచే సన్నగిల్లుతూ పోతుంది. ఆర్గాన్ టోన్‌లో వేలు తీసేదాకా అదే గట్టిదనంతో నిలబడుతుంది. చర్చి కాయిర్ వెనకో, భజన బృందంలోనో కీబోర్డ్ వాయించేవాళ్లు ఈ ఒక్క తేడాని ముందు ఒంటబట్టించుకోవాలి. తప్పు స్వరం పియానోలో కాసేపటికి చచ్చిపోతుంది, ఆర్గాన్‌లో పాట మీద కూర్చుంటుంది. సరైన స్వరమైతే అంతే గట్టిగా పాటని మోస్తుంది. నొటేషన్ లేకుండా చెవితో పాట పట్టుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి గురువు దొరకదు.

ముందు 'స' దొరకాలి

పాట వినగానే కార్డ్‌లు (కలిపి నొక్కే మూడు స్వరాల జట్లు) వెతకడం మొదలుపెట్టకండి. పల్లవి చివర గొంతు ఎక్కడ ఆగుతోందో వినండి. ఎక్కువ పాటల్లో అదే 'స'. ఆ స్వరాన్ని పెదవులు మూసి కూనిరాగం తీస్తూ, కుడిచేతి ఒక్క వేలితో మధ్య సి నుంచి అర మెట్టు చొప్పున, అంటే తెల్లదైనా నల్లదైనా పక్కనున్న మెట్టుకే, ఎక్కండి. తెల్లవీ నల్లవీ కలిపి పన్నెండే మెట్లు, దాటిపోయే అవకాశం లేదు. కలిసిన మెట్టు పేరు గుర్తుపెట్టుకోండి. శ్రుతి లెక్కలో సి ఒకటి, డి రెండు, ఈ మూడు, ఎఫ్ నాలుగు, జీ అయిదు, ఏ ఆరు, బి ఏడు. వాటి మధ్య నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. హార్మోనియం మాస్టారు 'రెండున్నర' అన్నా, గిటార్ కుర్రాడు 'డి షార్ప్' అన్నా మెట్టు ఒకటే.

దొరికింది నిజంగా 'స'నేనా అని తేల్చుకోవడానికి ఎడమచేత్తో స-ప పట్టుకుని, వదలకుండా పల్లవి మొత్తం పాడండి. 'ప'నో 'మ'నో 'స' అనుకోవడం అందరూ పడే ఉచ్చు. బయటపడే దారి ఇది: అసలు స్కేలు సి మేజర్ అయి ఉండి మీరు జీని 'స' అనుకుంటే, మీ లెక్కలో 'ని' అర మెట్టు కిందికి వచ్చినట్టు కనిపిస్తుంది. ఎఫ్‌ని 'స' అనుకుంటే 'మ' అర మెట్టు పైకి పోయినట్టు కనిపిస్తుంది. పాట నిజంగా హరికాంభోజిలోనో కల్యాణిలోనో ఉంటే తప్ప, మామూలు పాటలో ఇలాంటి వింత 'ని', వింత 'మ' తగిలాయంటే 'స'ని అనుమానించండి. చరణం ఎక్కడ ఆగినా ఆగనివ్వండి, తీర్పు మాత్రం పల్లవి విశ్రాంతి స్వరానిదే.

దీనికి నల్ల మెట్లతో ఒక సాధన ఉంది. కుడిచేత్తో అయిదు నల్ల మెట్లు మాత్రమే వాయిస్తూ ఎడమచేత్తో ఆధార శ్రుతి మారుస్తూ పోండి. ఎఫ్ షార్ప్ 'స' అయితే మోహనం. అవే మెట్లకి జీ షార్ప్ 'స' అయితే మధ్యమావతి, ఏ షార్ప్ అయితే హిందోళం, సి షార్ప్ అయితే శుద్ధసావేరి, డి షార్ప్ అయితే శుద్ధధన్యాసి. హిందోళంలో 'ప' లేదు కాబట్టి అక్కడ స-ప బదులు స-మ పట్టుకోండి, అంటే ఏ షార్ప్‌తో డి షార్ప్. ఒక్కో దాంట్లో అయిదేసి నిమిషాలు తిరిగితే, మెట్లు అవే అయినా పాట ఎందుకు వేరుగా ఉందో చెవికే తెలిసిపోతుంది. ఈ సాధనకి ఆర్గాన్ టోనే పెట్టాలి. పియానోలో ఆధార శ్రుతి నిలవదు.

'స' తేలాక 'గ' చూడండి. 'స' నుంచి నాలుగు అర మెట్ల మీద ఉంటే మేజర్, మూడు అర మెట్ల మీద ఉంటే మైనర్. పాత క్రైస్తవ కీర్తనల పుస్తకాల్లో కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. అది మంచి ఆధారమే గానీ ప్రమాణం కాదు. సంఘాల్లో తరతరాలుగా పాడుతూ వచ్చిన వరస చాలాచోట్ల అచ్చులో ఉన్న రాగం నుంచి జరిగిపోయింది. పాడేవాళ్ల గొంతుకే వాయించండి.

ఎవరో ఉన్నట్టుండి ఎత్తుకుంటే

కాయిర్‌లో తరచూ జరిగేది ఇదే. ఎవరో ఒకరు శ్రుతి లేకుండా పాట ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు. అప్పుడు వాల్యూమ్ సగానికి దించి, మెత్తని ఫ్లూట్ లాంటి ఆర్గాన్ టోన్‌లో మొదటి లైను చివరి స్వరాన్ని ఒక్క వేలితో తాకండి. కలవకపోతే అర మెట్టు పైన, అర మెట్టు కింద. దొరకగానే స-ప మాత్రం పట్టుకుని ఒక లైను ఆగండి. కార్డ్‌లు రెండో లైను నుంచి. పాడేవాళ్లు రెండు మెట్లకి మధ్యలో ఉంటే ట్యూనింగ్ మార్చే పనికి దిగకండి. దగ్గరగా ఉన్న మెట్టు ఎంచుకుని కొంచెం స్పష్టంగా పట్టుకుంటే, వచ్చే చరణానికి జనమే మీ దగ్గరికి వస్తారు.

రికార్డింగ్ విని నేర్చుకునేటప్పుడు మాత్రం ట్యూనింగ్ పనికొస్తుంది. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాటలు చాలావరకు కచ్చితంగా ఏ మెట్టు మీదా కూర్చోవు. చాలా యమహా పోర్టబుల్ కీబోర్డ్‌లలో ఫంక్షన్ మెనూలోని ట్యూనింగ్‌ని 427 నుంచి 453 హెర్ట్జ్ దాకా జరపొచ్చు. మామూలు స్థానం 440. పాట అయ్యాక 440కి తెచ్చెయ్యండి, లేకపోతే మర్నాడు గిటార్ వాళ్లతో గొడవ. వేగం తగ్గించి వినాలంటే యూట్యూబ్‌లో 0.75 పెట్టండి, శ్రుతి మారదు. 0.5లో స్వరాలు నీళ్లలో విన్నట్టు చెదిరిపోతాయి గనుక గమకం ఉన్న ఒకటి రెండు చోట్లకే వాడండి.

మీరే శ్రుతి ఇచ్చే అవకాశం ఉంటే పాటలో అన్నిటికన్నా పై స్వరం చూసి ఇవ్వండి. జనమంతా కలిసి పాడేటప్పుడు ఆడవాళ్ల గొంతు మధ్య సి పై సప్తకంలోని డి దాకా హాయిగా పోతుంది, ఆపైన అరుపే. మగవాళ్లు దానికి సప్తకం కింద. పాట తారస్థాయి 'స'తో ఆగితే ఒకటి, రెండు శ్రుతులు సరిపోతాయి. తారస్థాయి 'గ' దాకా ఎక్కితే ఒకటో శ్రుతిలోనే పై ఈ తగులుతుంది. అలాంటి పాటని కింది ఆరుకి దించితే 'గ' సి షార్ప్ మీద పడుతుంది, అందరికీ అందుతుంది.

కార్డ్‌లు: స్వరం చూసి

మేజర్ పాటకి ముందు మూడే: స, మ, ప ల మీద కట్టిన మేజర్ కార్డ్‌లు. సి స్కేలులో సి, ఎఫ్, జీ. పక్కన ఏ మైనర్, డి మైనర్. తాళంలో దెబ్బ పడే చోట ఏ స్వరం ఉందో అది ఏ కార్డ్‌లో ఉంటుందో చూడటమే పని. 'స' సిలో, ఎఫ్‌లో, ఏ మైనర్‌లో ఉంది. 'రి' జీలో, డి మైనర్‌లో. 'గ' సిలో, ఏ మైనర్‌లో. 'మ' ఎఫ్‌లో, డి మైనర్‌లో. 'ప' సిలో, జీలో. 'ద' ఎఫ్‌లో, ఏ మైనర్‌లో, డి మైనర్‌లో. 'ని' దాదాపు ఎప్పుడూ జీనే. దెబ్బల మధ్య దొర్లిపోయే స్వరాలకి కార్డ్ మార్చకండి.

ఇక్కడ రాగం తెలిసినవాళ్లు ఒక అడుగు ముందుంటారు. మోహనంలో ఒక చిన్న వరస తీసుకోండి, నాలుగేసి మాత్రలు: 'గ – ప – | ద – ప – | గ – రి – | స – – –'. మొదటి ఆవృతానికి సి. రెండోదానికి 'ద' మీద చెయ్యి అలవాటుగా ఎఫ్ మీదికి పోతుంది. కానీ ఎఫ్ కార్డ్‌కి మూలమే 'మ', మోహనంలో 'మ' లేదు. ఏ మైనర్ పట్టుకోండి, అందులో ఏ, సి, ఈ మూడూ మోహనం స్వరాలే. మూడో ఆవృతంలో రెండు మాత్రలు సి, 'రి' దగ్గర జీ. జీ కార్డ్‌లో బి అంటే 'ని', అదీ మోహనంలో లేదు. మధ్య వేలు ఎత్తేసి జీ, డి రెండే ఉంచండి, పాట తేటగా నిలబడుతుంది. పియానోలో ఈ పరాయి స్వరం దొర్లిపోతుంది. ఆర్గాన్‌లో రెండు మాత్రలసేపు ఆ 'ని' అందరికీ వినిపిస్తుంది. లలిత గీతం ధోరణిలో పాడేవాళ్లతో ఎఫ్, జీ పూర్తిగా వాడినా తప్పు లేదు. కీర్తన రాగంలో పాడుతుంటే మాత్రం వద్దు.

మైనర్ పాటలకి ఏ మైనర్ స్కేలులో ఏ మైనర్, డి మైనర్, ఎఫ్, జీ చాలు. పాటలో జీ షార్ప్ వినిపిస్తేనే ఈ మేజర్ తీసుకోండి. చాలామంది ముందే ఈ మేజర్ నొక్కేస్తారు, అప్పుడు నటభైరవిలో ఉన్న పాటకి లేని 'ని' వచ్చి తగులుతుంది.

చెయ్యి జరిపే తీరు

సస్టైన్ పెడల్‌ని పక్కన పెట్టండి. ఆర్గాన్‌తో దాన్ని తొక్కితే పాత కార్డ్, కొత్త కార్డ్ రెండూ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అతుకు కనపడకుండా చేసేది వేళ్లే. సి కార్డ్‌ని కింది నుంచి జీ-సి-ఈ అని పట్టుకోండి. ఎఫ్‌కి పోవాలంటే సిని కదపకుండా జీని ఏకి, ఈని ఎఫ్‌కి జరపండి. అక్కడి నుంచి జీ కార్డ్‌కి ఏ తిరిగి జీకి, సి బికి, ఎఫ్ డికి. మళ్లీ సికి రావడానికి జీ కదలదు, బి సికి, డి ఈకి. ఉమ్మడి స్వరం మీద వేలు ఎత్తకపోవడమే ఆర్గాన్ వాయించడంలో సగం. చెయ్యి మొత్తం ఎత్తి కొత్తచోట వేస్తే ప్రతి మార్పు దగ్గరా గండి పడుతుంది. దానికి విరుగుడుగా పెడల్ తొక్కుతారు, శబ్దం మురికవుతుంది.

ఒకే స్వరం వెంటవెంటనే రెండుసార్లు వస్తే మాత్రం వేలు పూర్తిగా ఎత్తాలి. లేకపోతే రెండు అక్షరాలు ఒక్కటిగా వినిపిస్తాయి.

టచ్ రెస్పాన్స్ ఆపెయ్యండి. అసలు ఆర్గాన్‌లో గట్టిగా కొట్టినా మెల్లగా నొక్కినా ఒకటే ధ్వని. హెచ్చుతగ్గులన్నీ ఎక్స్‌ప్రెషన్ పెడల్‌వి. కీబోర్డ్‌కి ఆ పెడల్ జాక్ లేకపోతే ఎడమచేతికి ఖాళీ దొరికినచోట వాల్యూమ్ నాబ్ తిప్పడమే. పిచ్ బెండ్ చక్రంతో గమకం వేసే సరదా ఉంటే ఒక్క స్వరం వాయించేటప్పుడే వెయ్యండి. కార్డ్ పట్టుకుని తిప్పితే కార్డంతా జారుతుంది.

డ్రాబార్లు ఏం చేస్తాయి

లారెన్స్ హామండ్ 1935లో అమ్మకానికి తెచ్చిన ఆర్గాన్‌లో ఉక్కు చక్రాలు తిరుగుతూ శుద్ధ స్వరాలు పుట్టించేవి. ఒక మెట్టు నొక్కితే తొమ్మిది స్వరాల దాకా కలిసి మోగేలా తొమ్మిది డ్రాబార్లు (లాగే మీటలు), ఒక్కోటి 0 నుంచి 8 దాకా లాగొచ్చు. నేటి కీబోర్డ్‌లలోని డ్రాబార్ టోన్‌లన్నీ దాని నకళ్లే. కేసియో సీటీకే-7200, డబ్ల్యూకే-7600 లలో తొమ్మిది స్లయిడర్లు నేరుగా ఉన్నాయి. యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్900లో ఆర్గాన్ ఫ్లూట్స్ పేరుతో తెర మీద ఉంటాయి.

మీరు సి నొక్కారనుకుందాం. ఎడమ నుంచి మొదటిది, 16 అడుగుల బార్ (పైప్ ఆర్గాన్ గొట్టాల పొడుగు నుంచి వచ్చిన పేరు), కింది సప్తకం సి. రెండోది జీ, అంటే నొక్కినదానికి పైనున్న 'ప'. మూడోది, 8 అడుగులది, నొక్కిన సి. నాలుగోది పై సప్తకం సి. అయిదోది దాని పైన జీ. ఆరోది రెండు సప్తకాల పై సి. ఏడోది దాని పైన ఈ, అంటే 'గ'. ఎనిమిదోది జీ. తొమ్మిదోది మూడు సప్తకాల పై సి. అంకెలు రాసేటప్పుడు రెండు, నాలుగు, మూడు చొప్పున విడదీస్తారు: 88 8000 000 అంటే మొదటి మూడూ పూర్తిగా లాగి మిగతావి మూసేయడం.

ఈ పట్టిక తెలిస్తే రెండు జబ్బులకి మందు మీ చేతిలోనే ఉంటుంది. మొదటిది: ఎడమచేత్తో కింద కార్డ్ పట్టుకుంటే బురదలా వినిపించడం. రెండో బార్ ప్రతి మెట్టుకీ దాని 'ప' కలుపుతుంది. సి-ఈ-జీ నొక్కితే జీ, బి, డి కూడా మోగుతాయి, అంటే సి కార్డ్ మీద జీ కార్డ్ పరిచినట్టే. పై సప్తకాల్లో అది నిండుదనం, కింద అది గోల. కింది చేతికి మొదటి రెండు బార్లు మూసి 00 8400 000 పెట్టండి. ఒకే టోన్ ఉన్న కీబోర్డ్ అయితే మధ్య సి కింద కార్డ్ కట్టకండి, ఎడమచేతికి ఒక్క బేస్ స్వరమే ఇవ్వండి.

రెండోది: మైనర్ పాట ఆర్గాన్‌లో చేదుగా మోగడం. ఏడో బార్ ప్రతి మెట్టుకీ మేజర్ 'గ' కలుపుతుంది. ఏ మైనర్‌లోని ఏ నొక్కగానే పైన సి షార్ప్ మోగుతుంది, మీ వేలు మాత్రం సి మీద ఉంది. 88 8888 888 అని అన్నీ లాగి మైనర్ కార్డ్ పట్టుకుంటే వినిపించే రాపిడి అదే. ఏడో బార్‌ని 2కి దించండి, లేదా మూసెయ్యండి. వేళ్లని అనుమానించే ముందు దీన్ని చూడండి.

పాటకి తోడుగా నడవడానికి 00 8400 000 కానీ, కొంచెం మెరుపు కావాలంటే 80 8400 004 కానీ. కోరస్‌లో జనం గొంతెత్తితే 88 8600 004. అన్నీ లాగిన ఆర్గాన్‌ని చివరి పల్లవికే దాచుకోండి. పెర్కషన్ అనే మీట స్వరం మొదట్లో చిన్న టక్ కలుపుతుంది. హామండ్ బీ-3లో అది అన్ని వేళ్లూ లేచాక నొక్కిన మొదటి స్వరానికే వస్తుంది, అది వేసినంతసేపూ తొమ్మిదో బార్ పలకదు. మీ కీబోర్డ్‌లో పెర్కషన్ 'ఒకసారి వస్తోంది, ఒకసారి రావడం లేదు' అనిపిస్తే అది ఈ పద్ధతిని పాటిస్తున్నందుకే, పాడైపోయి కాదు.

స్లయిడర్లు లేని కీబోర్డ్‌లలో జనరల్ మిడి (కంపెనీలన్నీ పాటించే టోన్‌ల నంబర్ల పట్టిక) వరసలో 17వది డ్రాబార్ ఆర్గాన్, 19వది రాక్ ఆర్గాన్, 20వది చర్చి ఆర్గాన్, 21వది రీడ్ ఆర్గాన్. 17ని మెయిన్‌గా పెట్టి, డ్యూయల్‌లో (దానితో కలిసి మోగే రెండో టోన్‌గా) ఫ్లూట్‌నో అదే ఆర్గాన్‌నో ఒక సప్తకం పైకి జరిపి, వాల్యూమ్ మెయిన్‌లో మూడోవంతుకి దించితే నాలుగో బార్ లాగినంత పని అవుతుంది. డ్యూయల్ వేస్తే ప్రతి మెట్టుకీ రెట్టింపు స్వరాలు ఖర్చవుతాయి. 48 పాలిఫనీ ఉన్న, అంటే ఒకేసారి 48 స్వరాలే మోగగల కీబోర్డ్‌లో రిథమ్ స్టైల్ కూడా నడుస్తుంటే పాత స్వరాలు తెగిపోవచ్చు.

ఇక లెస్లీ. రెండు భాగాలుగా తిరిగే స్పీకర్ అది, కీబోర్డ్‌లో రోటరీ అని ఉంటుంది. వేగంగా తిరిగేటప్పుడు సెకనుకి ఏడు చుట్ల దాపుల, నెమ్మదిలో సెకనుకి ఒకటి కూడా ఉండదు. చరణమంతా నెమ్మదిలో ఉంచి, చివరి కార్డ్ పట్టుకున్నాక వేగం వెయ్యండి. వేగం అందుకునే ఆ ఒక సెకనే దాని అందం. పాట పొడుగునా వేగంలో వదిలేస్తే వినేవాళ్లకి వణుకు మాత్రమే మిగులుతుంది.

మిక్సర్ దాకా

చాలా పోర్టబుల్ కీబోర్డ్‌లకి విడిగా లైన్ అవుట్ ఉండదు, హెడ్‌ఫోన్ జాకే దారి. అందులోంచి వచ్చేది స్టీరియో. రెండు వలయాల స్టీరియో పిన్ కేబుల్‌ని నేరుగా మిక్సర్‌లోని బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చితే, ఎడమ, కుడి ధ్వనుల తేడానే మిక్సర్ తీసుకుంటుంది. రెండింట్లోనూ ఒకేలా ఉన్న బేస్, కార్డ్‌ల నడిమి భాగం మాయమై, రివర్బ్ (ప్రతిధ్వని), రోటరీ తోక మాత్రం గుల్లగా వినిపిస్తాయి. కీబోర్డ్ స్పీకర్‌లో బాగుండి బాక్సుల్లో డొల్లగా ఉందంటే మొదటి అనుమానితుడు ఇదే. ఒకవైపు స్టీరియో పిన్, రెండోవైపు రెండు మోనో పిన్నులున్న వై కేబుల్ కొని రెండు ఛానెళ్లకి ఇవ్వండి. కీబోర్డ్‌లో ఎల్/మోనో అవుట్ ఉంటే ఒక మోనో కేబుల్‌తో అదొక్కటే వాడండి.

కీబోర్డ్ వాల్యూమ్ డెబ్బై శాతం దగ్గర ఉంచి, మిగతాది మిక్సర్ గెయిన్‌తో తెచ్చుకోండి. కీబోర్డ్‌ని పది శాతంలో పెట్టి మిక్సర్‌లో పెంచితే పెరిగేది బుస్సు. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్యిమని మోత వస్తే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు దారుల్లో ఎర్త్ కలిసి చుట్టు తిరగడం. కీబోర్డ్‌కి, మిక్సర్‌కి మధ్య గ్రౌండ్ లిఫ్ట్ మీట (ఆడియో కేబుల్‌లోని ఎర్త్ తెంపేది) ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె పెట్టండి. ప్లగ్గులోని ఎర్త్ పిన్ పీకడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. హాలే పెద్దదైతే కీబోర్డ్ రివర్బ్ సగానికి దించండి.

అడాప్టర్ పోతే దొరికిందల్లా గుచ్చకండి. యమహా పీఏ-130 ఇచ్చేది 12 వోల్టులు, కేసియో ఏడీ-ఈ95100ఎల్ ఇచ్చేది 9.5. వోల్టు, పిన్ మధ్య ప్లస్సా మైనస్సా అనే గుర్తు రెండూ కీబోర్డ్ వెనక ముద్రించినదానితో సరిపోవాలి. ఆంపియర్ మాత్రం ఎక్కువున్నా ఫరవాలేదు.

చివరిగా ట్రాన్స్‌పోజ్. మీరు సిలో వాయిస్తూ +2 పెడితే బాక్సులోంచి వచ్చేది డి. గిటార్, బేస్ వాళ్లకి 'సి' అని చెబితే పాట రెండుగా చీలుతుంది, ఎప్పుడూ వినిపించే స్కేలే చెప్పండి. సెట్టింగులు రిజిస్ట్రేషన్ మెమరీలో దాచుకునేటప్పుడు చాలా మోడళ్లలో ట్రాన్స్‌పోజ్ కూడా దానితోపాటే దాగుతుంది. చరణం మధ్యలో మెత్తని టోన్ నుంచి నిండు టోన్‌కి బటన్ నొక్కగానే శ్రుతి మారిపోయే ప్రమాదం అక్కడి నుంచే. ఒకే పాటకి వాడే మెమరీలన్నిటినీ ఒకే ట్రాన్స్‌పోజ్‌తో మళ్లీ దాచుకుని, పాట మొదలవక ముందే ఒక్కోటి నొక్కి అదే మెట్టు మోగించి చూసుకోండి.